ఆదివారం కూడా మండింది

మీరు కడుపుతో ఉండి, మూత్రానికి వెళ్లినప్పుడల్లా మండుతుంటే, దీన్ని ఇక్కడే ఆపి ముందు పరీక్ష చేయించుకుని రండి. ఇది ఎక్కడికీ పోదు, వచ్చాక చదువుకోవచ్చు. నేను చెప్పదలచుకున్న ముఖ్యమైన మాట అదొక్కటే. దాన్ని నమ్మడానికి మా ఇంట్లో ఎంత గొడవ అయిందో, నమ్మాక ఎంత సంబరం కలిగిందో, మిగతాదంతా ఆ కథ.

మాది అద్దంకి నుంచి లోపలికి వెళ్లే దారిలో ఒక ఊరు. కొంచెం కౌలు భూమిలో మిరప వేస్తాం. మా పని అయ్యాక పెద్ద రైతుల కల్లాల్లో కూలికి వెళ్తాం. నేను పదో తరగతితో బడి మానేశాను, చదువు మాత్రం మానలేదు. మండలంలో ఉన్న శాఖా గ్రంథాలయంలో వ్యవసాయం నుంచి వైద్యం దాకా, చేతికి అందిన అరల్లోవన్నీ చదివేశాను. అందని అరల కోసం లైబ్రేరియన్ గారు నాకు స్టూలు వేస్తారు. ఈ మాట గర్వంగానే రాస్తున్నాను. నా భర్త దాసు నా మేనత్త కొడుకే. అందుకని ఆయన నాకు బావ, ఆయన తల్లి సుందరమ్మ నేను పుట్టినప్పటి నుంచీ అత్త.

జనవరి ఆఖరు

కాయ కోతలు అయిపోయి, కల్లంలో తొడిమలు తీసే పని మొదలైంది. నాకప్పుడు ఐదో నెల నిండింది. ఎండిన మిరపకాయల రాశి చుట్టూ కూర్చుని, ఒక్కో కాయకూ తొడిమ తుంచి, తెల్లబడిన తాలు కాయలు పక్కన పడేయాలి. చేతులు మండుతాయి, కళ్లు మండుతాయి, ముక్కు కారుతూనే ఉంటుంది. సాయంత్రం ఎంత సబ్బు రుద్దినా ఆ వేళ్లతో కన్ను నలుపుకోలేం. ఆ చేతులతోనే చాటుకు వెళ్లొచ్చి, అబ్బా అంటూ గంతులు వేయని ఆడమనిషి మా ముఠాలో లేదు. అదొక పాత హాస్యం. ఎవరు మెల్లగా నడిచివచ్చినా మిగతావాళ్లు నవ్వుతారు.

కాబట్టి నాకు మండినప్పుడు నాకూ అనుమానం రాలేదు, ఎవరికీ రాలేదు. చేతులు కడుక్కుని వెళ్లమని ఎన్నిసార్లు చెప్పాలని అత్త అందరి ముందే తిట్టింది. పక్కనున్నావిడ, "పోనీలే వదినా, కడుపులో పిల్లకి ఇప్పుడే కారం అలవాటు చేస్తంది" అంది. కల్లమంతా నవ్వింది. నేనూ నవ్వాను.

ఇంట్లో వైద్యం మొదలైంది. పొద్దున బార్లీ నీళ్లు, మధ్యాహ్నం సబ్జా గింజలు, రాత్రి పడుకోబోయే ముందు బొడ్డు మీద ఆముదం. మాటిమాటికీ వెళ్లాల్సి రావడం కడుపు బరువు వల్ల అన్నారు. పొత్తికడుపు బరువుగా లాగడం కూర్చుని పనిచేయడం వల్ల అన్నారు. అన్నిటికీ కారణం దొరికింది. ఇంకో సంగతి కూడా ఉంది. మా కల్లం నాలుగు వైపులా బయలు. మగవాళ్లు బస్తాలు మోస్తూ తిరుగుతుంటారు, ఆడవాళ్లు వెళ్లడానికి మరుగు లేదు. అందుకని పని ఉన్నంతసేపూ మేం నీళ్లు తాగం. గొంతు తడుపుకుంటాం, అంతే. కడుపుతో ఉన్నా నేనూ అలాగే చేశాను.

ఫిబ్రవరి, ఒక ఆదివారం

ఆ వారం శుక్రవారం నుంచి మబ్బు పట్టింది. కాయలు తడుస్తాయని రాశుల మీద పట్టాలు కప్పి పని ఆపేశారు. శనివారం తలస్నానం చేశాను. ఆదివారం తెల్లచీర కట్టుకుని ప్రార్థనకు మా ఏసు గుడికి వెళ్లి, ఆడవాళ్ల వైపు చాప మీద కూర్చున్నాను. పాట పూర్తి కాకుండానే లేవాల్సి వచ్చింది. గుడి వెనక్కి వెళ్లాను. మండింది, కల్లంలో ఉన్నప్పటి కంటే ఎక్కువగా.

అక్కడే నిలబడి నా చేతులు చూసుకున్నాను. రెండు రోజులుగా ఈ చేతులు ఒక్క మిరపకాయను తాకలేదు. మా ఇంట్లో కూరకు కారం వేసింది కూడా అత్తే. మంట మిరపకాయదైతే, మిరపకాయ లేని రోజున మండకూడదు కదా.

ఎంత చిన్న ఆలోచన ఇది! అయినా నెలరోజులుగా నాకూ, నా చుట్టూ ఉన్న అంతమంది ఆడవాళ్లకూ తట్టలేదు. నిజం చెప్పాలంటే అప్పుడు నాకు భయం వేయలేదు, ఉత్సాహం వచ్చింది. లోపలికి వచ్చి కూర్చున్నాను గానీ, ప్రసంగంలో ఒక్క ముక్క చెవిలో పడలేదు. సోమవారం గ్రంథాలయం ఎప్పుడు తెరుస్తారా అనే ధ్యాసే.

అట్ట ఊడిపోయి, మళ్లీ కుట్టించిన లావుపాటి స్త్రీల ఆరోగ్య పుస్తకం ఒకటి అక్కడుంది. ఇంతకు ముందు కాన్పుల పేజీలు మాత్రమే చదివాను. ఈసారి మూత్రం గురించి ఉన్న భాగం నిలబడే చదివాను. బొమ్మలో పైన రెండు మూత్రపిండాలు, వాటి నుంచి కిందికి రెండు గొట్టాలు, కింద మూత్రాశయం. నాకది మా పొలంలో రెండు నీటి బోదెలు వచ్చి ఒక తొట్టిలో పడుతున్నట్టే కనిపించింది. గర్భిణికి ఆ గొట్టాలు వదులవుతాయట. పైగా పెరిగే గర్భం వాటిని నొక్కుతుంది. నీరు చకచకా జారకుండా నిలుస్తుంది. నిలిచిన చోట సూక్ష్మజీవులు పెరుగుతాయి, పైకి పాకుతాయి. కొందరికి మంట కూడా ఉండదట, పరీక్షలోనే బయటపడుతుందట. వైద్యం చేయకపోతే మూత్రపిండాలకు చేరి, చలిజ్వరం వచ్చి, నెలలు నిండకుండానే కాన్పు అయ్యే ప్రమాదం ఉందట.

ఆ చివరి వాక్యం దగ్గర ఉత్సాహం ఆగిపోయింది. పుస్తకం మూసి, కడుపు మీద చేయి వేసుకుని కాసేపు కూర్చున్నాను. లోపల బిడ్డ తన్నింది.

అదే వారం

బావకు చెబితే, "నీ పుస్తకాల్లో రోగాలు కూడా ఉచితమేనా" అని ఎగతాళి చేశాడు. చేసినా, మర్నాడే బండి మీద పీహెచ్‌సీకి తీసుకెళ్లాడు. అక్కడ ల్యాబులో ఉన్న అమ్మాయి మూత విప్పని కొత్త డబ్బా ఇచ్చి ఎలా పట్టాలో చెప్పింది. ముందు శుభ్రంగా కడుక్కోవాలి. మొదట వచ్చేది వదిలేసి మధ్యలోది పట్టాలి. డబ్బా లోపల వేలు తగలకూడదు. ఇంటి నుంచి పచ్చడి సీసాలో తెచ్చేవాళ్లు కూడా ఉన్నారంది. ఒక కాగితపు పుల్ల అందులో ముంచగానే రంగు మారింది. ఇన్ఫెక్షన్ ఉన్నట్టేనంది. నేను అది చూసి ఎంత సంబరపడ్డానో. నా ఆదివారం లెక్క తప్పు కాదు.

డాక్టరమ్మ ఇంకో డబ్బా ఒంగోలు పంపించారు. అక్కడ ఆ సూక్ష్మజీవిని పెంచి, అది ఏ మందుకు చస్తుందో చూస్తారట. దాన్ని కల్చర్ అంటారు. అది తేలడానికి కొన్ని రోజులు పడుతుందనీ, ఈలోగా కడుపుతో ఉన్నవాళ్లు వేసుకోదగిన బిళ్లలే రాస్తున్నాననీ చెప్పారు. జ్వరం వచ్చినా, నడుం పక్కన నొప్పి వచ్చినా ఆలస్యం చేయకుండా రమ్మన్నారు.

ఇంటికి రాగానే అత్త బిళ్లలు చూసి ముఖం మాడ్చుకుంది. కడుపుతో ఉన్నప్పుడు ఇన్ని మందులేమిటని, అవి వేడి చేసి పిల్లకు తగులుతాయని సణిగింది. నేను ఆమె ముందే వేసుకున్నాను. మా ఇద్దరికీ రెండు రోజులు మాటల్లేవు.

మూడో రోజు మధ్యాహ్నం, మంచి ఎండలో, నాకు పళ్లు టకటక కొట్టుకునేంత చలి వచ్చింది. కుడివైపు పక్కటెముకల కింద, వెనక నుంచి ఎవరో గుద్దినట్టు నొప్పి. తాగిన నీళ్లు కూడా బయటికి వచ్చేశాయి. రెండు దుప్పట్లు కప్పినా మంచం ఊగుతోంది.

అత్త బిళ్లల అట్ట తీసుకుని కొంగున ముడివేసుకుంది.

"చెప్పానా? ఈ బిళ్లలే చేసినయ్యి. ఇంక ఒక్కటి కూడా మింగటానికి లేదు. ఒరేయ్ దాసూ, పాస్టరు గారిని పిలువు, ప్రార్థన చేయిద్దాం. కడుపు చల్లబడిద్ది."

బావ గుమ్మంలో నిలబడిపోయాడు. తల్లి చెప్పింది కళ్లముందు కనపడుతోంది. బిళ్లలు మొదలుపెట్టకముందు జ్వరం లేదు, మొదలుపెట్టాక వచ్చింది. ఆదివారం నేను వేసిన లెక్కలాంటిదే ఇదీ. కానీ నేను పుస్తకంలో చదివిన చలిజ్వరం, వెన్నుపక్క నొప్పి ఇవే. డాక్టరమ్మ చెప్పిన గుర్తులూ ఇవే. దుప్పటిలోంచి తల బయటపెట్టి, వణుకుతూనే అన్నాను.

"అత్తా, ప్రార్థన ఆటోలో చేసుకుందాం. బావా, ఇది పైకెక్కింది. ఇంకా ఇక్కడే ఉంటే పిల్ల ఇక్కడే వచ్చేస్తది."

బావ పరుగున వెళ్లి ఆటో తెచ్చాడు. పీహెచ్‌సీలో చూసి, సెలైన్ పెట్టి, వెంటనే అంబులెన్సులో ఒంగోలు పంపించారు. దారి పొడవునా అత్త నిజంగానే ప్రార్థన చేస్తూ వచ్చింది. నా మీద కోపంతో చేస్తోందో, నా కోసం చేస్తోందో అర్థం కాలేదు.

ఒంగోలు

ఆసుపత్రిలో ఎదురుచూసే చోట బల్లలన్నీ నిండి ఉన్నాయి. సముద్రపు ఒడ్డున కొత్తపట్నం వైపు నుంచి కూతురి కాన్పుకు వచ్చిన ఒకామె నన్ను చూడగానే లేచి, తాను కూర్చున్న బల్ల మొత్తం నాకు ఇచ్చేసింది. తన తువ్వాలు తడిపి నా నుదుటి మీద వేసింది. ఆమె తువ్వాలుకు చేపల వాసన, నా చీరకు మిరపకాయల ఘాటు. ఆమె తుమ్మింది, నేను వాంతి చేసుకున్నాను. "సరిపోయిందిలే" అని ఆమె నవ్వి, నా జుట్టు వెనక్కి పట్టుకుంది. పేరు అడగలేదు. ఆ తడి తువ్వాలు చల్లదనం మాత్రం ఇప్పటికీ నుదుటికి తెలుసు.

లోపల మంచం ఎక్కించాక, కడుపు రాయిలా బిగుసుకుని వదులవడం మొదలైంది. అది మళ్లీ మళ్లీ వస్తోంది. ఒక యువ డాక్టరు నా చేయి తన చేతిలో ఉంచుకుని నెమ్మదిగా చెప్పింది. మూత్రపిండానికి ఇన్ఫెక్షన్ చేరింది. జ్వరం వల్ల గర్భసంచి బిగుసుకుంటోంది. జ్వరం తగ్గితే అదీ తగ్గవచ్చు. తగ్గకపోతే బిడ్డ ముందే రావచ్చు, అప్పుడు చాలా చిన్నది అవుతుంది. ఆమె అబద్ధం చెప్పనందుకు నాకు గౌరవం కలిగింది. కడుపు మీద యంత్రం పెట్టి గుండె చప్పుడు వినిపించింది. దూరం నుంచి పత్తి జిన్నింగ్ మిల్లు ఆడుతున్నట్టు టకటకటక. ఆ చప్పుడు ఆపేయకండని బతిమాలాను.

ఇంజక్షన్లు మొదలయ్యాయి. అత్త మంచం పక్క నేల మీద కూర్చుని, ఎక్కుతున్న ప్రతి మందునూ శత్రువును చూసినట్టు చూసింది. ఆ సాయంత్రమే, ఎవరూ అడగకుండా, మాకు ఎప్పుడూ చెప్పని సంగతి ఒకటి చెప్పింది. బావ కంటే ముందు ఆమెకు ఒక ఆడపిల్ల. ఏడో నెలలో జ్వరం వస్తే ఊళ్లో వైద్యుడు సూది వేశాడట. మర్నాడే నొప్పులు వచ్చి పిల్ల పోయింది. ఆ సూదే పిల్లను తీసుకుపోయిందని అప్పటి నుంచీ ఆమె నమ్మకం. ఇన్నాళ్లూ మందులంటే ఆమెకున్న కోపం మొండితనమని అనుకున్నాను. అది భయం.

మర్నాడు కల్చర్ ఫలితం సిద్ధమైంది. తేవడానికి బావ ల్యాబుకు వెళ్లాడు. నాకు చూడాలని ఎంతో ఉందని చెప్పి, వీలైతే ఆ పెంచిన పళ్లేన్ని చూపించమని అడగమన్నాను. అడుగుతాడని అనుకోలేదు. అడిగాడు. అక్కడి మేడమ్ అద్దం అవతలి నుంచి చూపించిందట. తిరిగి వచ్చిన మనిషి వెళ్లిన మనిషి కాదు.

"అచ్చం నారుమడేనే. చిన్న పళ్లెం నిండా నారు మొలిచినట్టు మొలిచింది. దాని మీద చిన్న చిన్న మందు బిళ్లలు పెట్టారు. కొన్నిటి చుట్టూ గుండ్రంగా బోడి నేల, ఒక్క మొలక లేదు. నువ్వు మింగిన బిళ్ల చుట్టూ మాత్రం పచ్చగా, దాని అంచుదాకా మొలిచింది. దాన్నది లెక్కే చెయ్యలా."

నాకు లేచి కూర్చోవాలనిపించింది. జ్వరం ఉందన్న సంగతి మరిచిపోయాను. చూడండి, నా ఒంట్లోని శత్రువును బయటికి తీసి, మడి కట్టి పెంచి, ఏ మందుకు చస్తుందో ముందే చూసి, ఆ తర్వాత నాకు వేస్తున్నారు! బావ తల్లి వైపు తిరిగాడు.

"అమ్మా, మన చేలో నల్ల తామర పురుగు లేదూ? మొదట కొట్టిన మందుకి చావలా, చేను ముడుచుకుపోయింది. మందు వల్ల ముడుచుకుపోయిందా, పురుగు వల్లా?"

పురుగు సంగతి అత్తకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ చేలో బావతో పాటు ఆకులు తిప్పి చూసింది ఆమే. నేను నెమ్మదిగా అడిగాను.

"అత్తా, అప్పుడు నీకు జ్వరం ముందా, సూది ముందా?"

"జ్వరమే" అంది. కొంగు ముడి తడుముకుంటూ, "అంతకుముందు మండేది కూడా. పొగాకు ఆకులు ఏరే గ్రేడింగుకి పోయేదాన్ని. ఆ ఘాటు అనుకున్నా" అంది.

తర్వాత డాక్టరును అడిగాను. అప్పుడు ఏం జరిగిందో ఇప్పుడు ఎవరూ చెప్పలేరని, నెలలు నిండని కాన్పుకు కారణాలు చాలా ఉంటాయని ఆమె చెప్పింది. ఆ మాటే అత్తకు చెప్పాను. ఆమె తల ఊపింది. లేచి, కొంగు ముడి విప్పి, బిళ్లల అట్ట తీసి నర్సు చేతిలో పెట్టింది.

"ఇవి పనిచెయ్యవంట గదమ్మా. కొత్తవి ఎప్పుడెప్పుడు వెయ్యాలో నాకు చెప్పు. దీన్ని నమ్మొద్దు, పుస్తకం దొరికితే మర్చిపోద్ది."

కల్చర్ చూసి మందు మార్చారు. మర్నాటికి జ్వరం దిగింది. కడుపు బిగుసుకోవడం దూరం దూరమై, ఆగిపోయింది. బిడ్డ కడుపులోనే ఉంది.

మార్చి

ఇంటికి వచ్చాక మిగిలిన బిళ్లల బాధ్యత అత్తదే. వంట మధ్యలో ఉన్నా లేచి వచ్చి, నేను మింగి నోరు తెరిచి చూపించేదాకా కదిలేది కాదు. మంట పోయింది కదా అంటే, పురుగు కనపడకపోతే పోయినట్టేనా అని బావ చెప్పిన పోలికనే నాకు అప్పజెప్పింది.

కల్లంలో ఆమె చేసిన పని ఇంకా పెద్దది. మేస్త్రి దగ్గరికి వెళ్లి, ఆడవాళ్లకు మరుగు కట్టకపోతే రేపటి నుంచి మా ముఠా రాదంది. మేస్త్రి నవ్వాడట. మర్నాడు నిజంగానే ఎవరూ వెళ్లలేదు. ఆ మర్నాడు కల్లం మూలలో నాలుగు కర్రలు పాతి, పట్టా చుట్టి, లోపల నీళ్ల డ్రమ్ము పెట్టారు. నేను పనికి వెళ్లకపోయినా చూడటానికి వెళ్లాను. ఆడవాళ్లందరూ బిందె దగ్గర నిలబడి కడుపారా నీళ్లు తాగుతున్నారు. నన్ను చూసి ఎవరూ కారం హాస్యం ఆడలేదు. ఇద్దరు మాత్రం పక్కకు పిలిచి, తమకూ అలాగే ఉందని చెవిలో చెప్పారు. ఆశా వర్కరును తోడిచ్చి పరీక్షకు పంపించాను.

మందులు అయిపోయాక మళ్లీ కల్చర్‌కు ఇచ్చాను. ఆ ఫలితం కోసం ఎదురుచూసినంత ఆత్రంగా పదో తరగతి ఫలితాల కోసం కూడా ఎదురుచూడలేదు. ఏమీ మొలవలేదు. బావ ఆ రోజు ల్యాబులో మళ్లీ పళ్లెం చూపించమని అడిగాడట. ఖాళీది చూడటానికేముందని ఆ మేడమ్ నవ్విందట. మేం చూడాల్సింది ఖాళీయేనని చెప్పానన్నాడు. తిరిగి వచ్చే అవకాశం ఉందన్నారు కాబట్టి కాన్పు దాకా నెలనెలా పరీక్ష చేయించుకుంటూనే ఉన్నాను.

మే ఆఖరు

కల్లాలు ఖాళీ అయ్యాయి. కాయలు గుంటూరు యార్డుకు వెళ్లిపోయాయి. ఎండ మండిపోతున్న రోజుల్లో, నెలలన్నీ నిండి, మధ్యాహ్నం పూట మా పాప పుట్టింది. బలమైన గొంతు, నిండైన బుగ్గలు. అత్త చేతుల్లోకి తీసుకుని ముందు కాలి వేళ్లు చూసింది, తర్వాత గోళ్లు చూసింది. "గోళ్లు కూడా పెరిగినయ్యే" అంది నాతో. ఆమె ఏడుస్తోందని గొంతును బట్టి తెలిసింది. ముఖం తిప్పుకుంది.

కాన్పయిన కొన్ని గంటలకు మూత్రానికి వెళ్లమన్నారు. అత్త పాపను భుజాన వేసుకుని, నన్ను మెల్లగా నడిపించుకెళ్లి బాత్రూము తలుపు బయట నిలబడింది. కాన్పు నొప్పుల కంటే దీనికే భయపడ్డాను. కుట్లు లాగాయి, చురుక్కుమంది. కానీ ఆ మంట లేదు. నాకు తెలిసిన మంట కాదది.

బయటి నుంచి అత్త, వార్డంతా వినపడేలా అడిగింది.

"ఏమే, మండిందా?"

"లేదత్తా."

"సరిగ్గా చూసి చెప్పు."

"లేదన్నాగా."

వార్డులో నవ్వులు వినపడ్డాయి. నేను సిగ్గుపడుతూ వచ్చి మంచం ఎక్కాను. పక్క మంచం మీద, నెలలు నిండని కడుపుతో, నా కంటే చిన్నదైన ఒకమ్మాయి ఉంది. నడుం నొప్పని చేర్చారట. ఆమె నవ్వలేదు. మోచేతి మీద లేచి, చుట్టూ చూసి, గొంతు తగ్గించి అడిగింది.

"ఏం మంట అక్కా? నాకూ ఉంది. సిగ్గేసి ఎవరికీ చెప్పలా."

నేను నోరు తెరిచేలోపే అత్త ఆమె మంచం దగ్గరికి వెళ్లిపోయింది.

"మిరపకాయల పనికి పోతావా అమ్మాయ్?"

"లేదు పిన్నీ. మాది చీరాల. మగ్గం పని."

"అయితే ఇంకేం" అని అత్త పాపను నా ఒళ్లో పడుకోబెట్టి, ఆ అమ్మాయి మోచేయి పట్టుకుంది. "చెప్పులు తొడుక్కో. నర్సమ్మ దగ్గరికి పోదాం."